రాశానన్న డిస్కు రాసిందా?

మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొంటానని పట్టుబట్టాడు. సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ దుకాణాల్లో చూసొచ్చాడు కూడా. రెండు ప్రాసెసర్లు, 64 జీబీ మెమరీ, ముందువైపు ఎనిమిది డిస్కుల అరలు. జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నేర్చుకోవాలట. ‘‘ముందు వర్చువల్ మెషీన్‌లో చూసుకోరా’’ అన్నాను. ‘‘అవి ఉత్తుత్తి డిస్కులు మావయ్యా, నాకు నిజమైనవి కావాలి’’ అన్నాడు.

వాడన్నదాంట్లో సగం నిజముంది. ఏ సగమో వాడికింకా తెలియదు.

స్టోరేజీ సాఫ్ట్‌వేర్ బతుకంతా ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. డిస్కుని ‘రాయి’ అంటుంది, ‘రాశాను’ అన్న జవాబు నమ్మి ముందుకెళుతుంది. ఆ జవాబు అబద్ధమైతే కరెంటు పోయిన రోజు కొంప మునుగుతుంది. వర్చువల్ మెషీన్‌లో ఈ అబద్ధం ఆడించడం మరీ సులువు. క్యూఎమూ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్కు క్యాష్‌ని ‘అన్‌సేఫ్’ అని పెట్టామా, ఫ్లష్ చేయమన్న ఆజ్ఞను అది చెవిన పెట్టదు. మనం మాత్రం వేగం చూసి మురిసిపోతాం.

పోనీ పాత సర్వర్ సత్యహరిశ్చంద్రుడా? అదీ కాదు. చాలావాటిలో రెయిడ్ కార్డు ఉంటుంది. అది డిస్కులకీ సాఫ్ట్‌వేర్‌కీ నడుమ దుబాసీలా కూర్చుని, ఎనిమిది డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపిస్తుంది. తన మెమరీలో పడగానే ‘రాశాను’ అనేస్తుంది. బ్యాటరీ బాగున్నంత వరకూ ఆ మాట చెల్లుతుంది. పదేళ్ల నాటి కార్డులో బ్యాటరీ బాగుందని ఎవరు హామీ ఇస్తారు? జడ్‌ఎఫ్‌ఎస్‌కి ప్రతి డిస్కూ నేరుగా కనబడాలి. అందుకే తెలిసినవాళ్లు ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ లాంటి కార్డు వెతికి, డిస్కుల్ని ఉన్నవున్నట్టు చూపే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటారు.

కరెంటు లెక్క కూడా చూడాలి. ఊరికే కూర్చున్నా 150 వాట్లు తాగే పెట్టె నెలకి 108 యూనిట్లు మింగుతుంది. ఇక ఆ ఫ్యాన్ల మోత మా అక్క ఒక్కరోజు కూడా భరించదు.

అందుకే వాణ్ణి కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లోని వర్చువల్ మెషీన్‌కి 4 జీబీల డిస్కులు ఆరు తగిలించి, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్-జడ్2 పూల్ కట్టించాను. ఫైళ్లతో సగం నింపాక, ఒక డిస్కుకి మొదలూ చివరా వదిలేసి మధ్యంతా డీడీ కమాండుతో చెత్త రాయమన్నాను. వాడి చేయి వణికింది. డేటా అంతా సరిచూసే స్క్రబ్ నడిపితే చెక్‌సమ్ తప్పులు గబగబా లెక్కకొచ్చాయి, ఫైళ్లు మాత్రం ఒక్కటీ చెడలేదు. తర్వాత రెండు డిస్కులు పీకించాను. పూల్ కుంటుతూనే నడిచింది. మూడోది పీకగానే ఆగిపోయింది. వర్చువల్ మెషీన్ పాత స్నాప్‌షాట్‌కి తిరిగెళ్లి మళ్లీ మొదలెట్టాడు. డబ్బులు పోసి కొన్న డిస్కుల మీద ఇలా ఆడుకునే గుండె ఎవరికుంది?

మరి వాడు చెప్పిన ఆ సగం నిజం ఏమిటంటే, ఉత్తుత్తి డిస్కు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అసలు డిస్కు అలా కాదు. చచ్చిన డిస్కుతో పేచీ లేదు, చావబోతున్నదే చంపుకు తింటుంది. ఒక సెక్టారు చదవడానికి సెకన్ల తరబడి గింజుకుంటుంది, పూల్ మొత్తాన్నీ ఈడుస్తుంది. వదులైన కేబులు ఒకసారి పలికి ఒకసారి పలకదు. వర్చువల్ మెషీన్ వీటిని తనంతట తాను చూపించదు. వేగం కొలవడానికీ అది పనికిరాదు, అక్కడ తేలేది లాప్‌టాప్ వేగమే.

కాబట్టి నా తీర్పు: ముందు వర్చువల్ మెషీన్, అందులో విసుగొచ్చేదాకా చెడగొట్టాకే పాత ఇనుము. వాడు రెండు నెలలు ఆగుతానన్నాడు.

మీరూ కొనబోతుంటే, దుకాణంలోనే డిస్కులకి స్మార్ట్‌సీటీఎల్ నడిపి చూపించమనండి. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో అది చెబుతుంది. ఏడాదికి 8,760 గంటలు. 40 వేలు దాటితే నాలుగున్నరేళ్లు ఆగకుండా తిరిగిందన్నమాట. పెద్ద స్టోరేజీ పెట్టెల్లోంచి ఊడదీసిన ఎస్‌ఏఎస్ డిస్కులైతే సెక్టారు 512 బైట్లా, 520 బైట్లా అని కూడా అడగండి. 520 అయితే మళ్లీ ఫార్మాట్ చేస్తే తప్ప మీ పూల్‌లోకి రావు. చూపించడం కుదరదంటే బేరం ఆపి వచ్చేయండి.