గెయిన్ తగ్గించండి మహాప్రభో!

మెటల్ అంటే రొద అనేవాళ్ళతో నాకు పెద్ద గొడవేం లేదు. వాళ్ళు వినరు. వినకుండానే తీర్పు చెప్తారు. చదవకుండా సమీక్షలు రాసేవాళ్ళని చూసిన మనకి అది కొత్త కాదు. నా గొడవంతా ఆ మాట నిజమేనని రోజూ నిరూపిస్తున్న మనవాళ్ళతో. గిటార్ కొని మూడు నెలలు కాకముందే డిస్టార్షన్ పెడల్ కొంటారు. గెయిన్ మొత్తం కుడివైపుకి తిప్పేస్తారు. బేస్ ఫుల్లు, ట్రెబుల్ ఫుల్లు, మిడ్స్ సున్నా. హెడ్‌ఫోన్స్‌లో వింటే గోడలు కూలుతున్నట్టే ఉంటుంది. అదే సెట్టింగ్‌తో జామ్ రూమ్‌కి వెళ్తే కింద బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ, పైన సింబల్సూ కమ్మేస్తాయి. మధ్యలో గిటార్ ఉండాల్సిన చోటు ఖాళీ. ఆ చోటుని సున్నా చేసింది మనమే కదా! అప్పుడేం చేస్తారు? ఇంకో పెడల్ కొంటారు.

అసలు డిస్టార్షన్ అంటే ఏంటి? ఇంజినీరింగ్ చదివినవాళ్ళు పరీక్ష రాసి మర్చిపోయిన పాఠమే. యాంప్లిఫయర్‌కి ఒక హద్దుంటుంది. సిగ్నల్ ఆ హద్దు దాటితే తరంగం శిఖరాలు తెగి చదునైపోతాయి. అలా తెగడం వల్ల అసలు స్వరంలో లేని కొత్త హార్మోనిక్స్ పుడతాయి. సిగ్నల్‌ని ఆ హద్దు మీదకి ఎంత గట్టిగా తోస్తున్నామో అదే గెయిన్. కొంతవరకూ పెంచితే శబ్దానికి కండ పడుతుంది. ఆ తర్వాత కండ పెరగదు. మెల్లగా మీటినదానికీ గట్టిగా మీటినదానికీ మధ్య తేడా చచ్చిపోతుంది, అంతే. ప్రతి పాదం చివరా ఆశ్చర్యార్థకం పెట్టిన విప్లవ కవిత చదివారా ఎప్పుడైనా? అదీ సంగతి.

రెండు స్వరాల్ని కలిపి పంపితే ఇంకో తమాషా జరుగుతుంది. వాటి ఫ్రీక్వెన్సీల కూడికలూ తీసివేతలూ కూడా వినబడతాయి. గిటార్ లావు తీగ మీద ఇ స్వరం సుమారు 82 హెర్ట్జ్. దానికి పంచమం బి, సుమారు 123. తేడా 41. అంటే మనం వాయించని ఇంకో ఇ, ఒక స్థాయి కిందది, ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది. పవర్ కార్డ్ బరువు రహస్యం ఇదే. తంబురా శృతిలో వినే సా-పాలే ఇవి, రెండుకి మూడు నిష్పత్తి. ఇదే డిస్టార్షన్‌లోకి గాంధారాన్ని తోసి చూడండి. గిటార్ మెట్ల మీద అది శుద్ధమైన నిష్పత్తిలో ఉండదు కాబట్టి కూడికలూ తీసివేతలూ ఒకదాన్నొకటి కొట్టుకుని బురదైపోతుంది. మెటల్ రిఫ్‌లు ఎక్కువగా పవర్ కార్డ్స్ మీద నడిచేది వాయించేవాళ్ళకి వేరే కార్డ్స్ రాక కాదు బాబూ.

ఇక ఈ శబ్దానికి మూలపురుషుడు టోనీ అయోమి సంగతి. 1965లో, 17 ఏళ్ళ వయసులో, బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చివరి రోజున మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే పోయినవి తీగలు నొక్కే వేళ్ళు. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. గట్టి తీగలు నొక్కలేక సన్నటివి వేశాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి కొన్ని పాటల్లో శృతిని మూడు మెట్లు దించి తీగల్ని ఇంకా వదులు చేశాడు. బ్లాక్ సబ్బాత్ బరువుకి కారణం ఏ పెడల్ దుకాణమూ కాదు, గాయపడిన ఒక కార్మికుడి చెయ్యి. ఆయన యాంప్ ముందు పెట్టుకున్న పెట్టె పేరేంటో తెలుసా? రేంజ్‌మాస్టర్. అదొక ట్రెబుల్ బూస్టర్! లోకంలోకెల్లా బరువైన గిటార్ శబ్దం తీగస్వరాల్ని పెంచి, మందరాన్ని వెనక్కి నెట్టి యాంప్‌లోకి పంపితే వచ్చింది.

తర్వాతి తరాలు చేసిందీ అదే. ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ పెట్టెని మెటల్ వాళ్ళు హై గెయిన్ యాంప్ ముందు పెట్టి, డ్రైవ్ సున్నాకి దించి, లెవెల్ ఫుల్‌గా పెడతారు. డిస్టార్షన్ కోసం కాదు. సుమారు 720 హెర్ట్జ్ కింద అది గెయిన్ తగ్గిస్తూ పోతుంది కాబట్టి. బేస్ ఎక్కువగా వెళ్ళి తెగితే బుడబుడమంటుంది. అరచేతి అంచుతో అదిమి మీటిన ప్రతి దెబ్బా విడిగా దిగబడాలంటే కోయాల్సింది ముందే కోసెయ్యాలి. బేస్ కావాలా, తెగిన తర్వాత కలుపుకోండి.

"మరి హెచ్ఎమ్-2 సంగతేంటి?" అని ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. న్యాయమైన ప్రశ్న. 1983లో బాస్ కంపెనీ తెచ్చిన ఆ పెడల్ మీద నాలుగు నాబ్‌లూ ఫుల్‌గా తిప్పితే వచ్చే రంపపు కోతే స్వీడిష్ డెత్ మెటల్. 1990లో వచ్చిన ఎన్‌టూమ్డ్ ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్', స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియోలో తయారైనది, వినండి. ఒప్పుకుంటాను, అద్భుతం. కానీ ఆ నాలుగింటిలో హై అని రాసున్న నాబ్ నిజానికి పెంచేది 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ప్రాంతాన్ని. మిడ్స్ అన్నమాట! మనవాళ్ళు సున్నా చేసిందాన్నే వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు.

స్పీకర్ గురించి ఒక్క మాట. గిటార్ క్యాబినెట్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. ఆ చేతకానితనమే దాని గొప్ప. పెడల్‌ని నేరుగా లాప్‌టాప్‌కి తగిలిస్తే జోరీగలు వినిపించేది అందుకే. వేలు పోసి కొత్త పెడల్ కొనేకన్నా ఉచితంగా దొరికే క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్ ఒకటి లోడ్ చేసుకోవడం నయం.

ఇవన్నీ తెలిసినా గెయిన్ ఎందుకు తగ్గించరు? తగ్గిస్తే చెయ్యి వినిపిస్తుంది కాబట్టి. ఫుల్ గెయిన్‌లో ఎనిమిది దెబ్బల్లో రెండు తడబడినా ఆ మోతలో కలిసిపోతాయి. రికార్డుల్లో గోడలా నిలబడే శబ్దం చాలాసార్లు ఒకే రిఫ్‌ని రెండుసార్లు వాయించి, ఎడమకొకటి కుడికొకటి పెట్టింది. అందులోనూ ఒక్కో గిటార్ గెయిన్ మనం అనుకున్నదానికన్నా తక్కువ. రెండుసార్లూ అచ్చం ఒకేలా వాయించడం మాత్రం ఏ దుకాణంలోనూ అమ్మరు.

ఇవాళ సాయంత్రం గెయిన్ సగానికి, మిడ్స్ సగం పైకి పెట్టి, మెట్రోనోమ్ వేసుకుని వాయించండి. మొదటి వారం మీకే నచ్చదు. పక్కింటివాళ్ళకి ఎలాగూ నచ్చదు.