ఏడో తరగతిలో ఒత్తులు ఎవరు నేర్పాలి?

ప్రభుత్వ బడిలో ఏడో తరగతి పిల్లవాడి నోట్‌బుక్కు తెరిచి చూడండి. గీత కొట్టిన మార్జిను, ఎర్ర ఇంకుతో ప్రశ్న, నీలం ఇంకుతో జవాబు, కుదురైన దస్తూరి. తల్లి చూసి మురిసిపోతుంది. ఆ పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇది చదువు నాయనా’ అనండి. చాలామంది పిల్లల చూపు పేజీ మొదటికి పోతుంది. మొదటి నుంచి అయితే అప్పజెప్పేస్తారు, మధ్యలో అడిగితే ఆగిపోతారు. ‘రాష్ట్రం’ అనే మాట దగ్గర ‘రా’ అంటారు. ష కింద ట ఒత్తు, దాని పక్కన క్రావడి కనబడేసరికి గొంతు తగ్గిపోతుంది. ఆ పిల్లవాడికి చూచిరాత వచ్చింది. చదవడం రాలేదు.

ఇది కడప జిల్లాలో ఒక్క తొండూరు మండలం సంగతి కాదు. అయినా ముద్దనూరు నుంచి పులివెందుల వెళ్లే దారిలో ఉన్న ఈ పల్లెల్ని తలుచుకునే రాస్తున్నాను. ఇక్కడ శనగ చేలల్లో, చీనీ తోటల్లో కూలికి పోయే అమ్మానాన్నలకు పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో తెలుసుకునే దారి బడి ఒక్కటే. 2011 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత 67 శాతం. ఆడవాళ్లలో అంతకన్నా తక్కువ. ఇంట్లో పుస్తకం విప్పి పరీక్షించే మనిషి లేనప్పుడు నోట్‌బుక్కులో పడిన టిక్కు గుర్తునే చదువనుకుంటారు.

ప్రథమ్ సంస్థ ‘అసర్’ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే సర్వే ఒకటుంది. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఆ తర్వాత రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. ఆ కథ చదవగలిగిన మూడో తరగతి పిల్లలు మన రాష్ట్రంలో 2018లో 22.6 శాతం ఉండేవాళ్లు. 2022కు 10.3 శాతానికి పడిపోయారు. ఐదో తరగతిలో 59.7 నుంచి 36.3కు దిగింది. ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండూ కలిపి చెప్పిన లెక్క ఇది. కరోనా కాలంలో బడులు మూతబడటం పెద్ద కారణమే, కాదనను. కానీ ఆ పిల్లలు అక్కడే ఆగిపోలేదు గదా. 2022లో మూడో తరగతిలో ఉన్నవాళ్లు 2025 జూన్‌లో ఆరో తరగతిలో అడుగుపెట్టారు. అంటే హైస్కూలు మెట్టెక్కారు. దేశం మొత్తమ్మీద చూసినా, 2024లో పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 67.5 శాతమే. ప్రతి ముగ్గురిలో ఒకరు చదవలేకుండానే తొమ్మిదిలోకి పోతున్నారు.

హైస్కూల్లో ఏం జరుగుతుందో చూడండి. ప్రైమరీ టీచరు ‘మా దగ్గర అయిపోయింది’ అంటారు. ఆరో తరగతి నుంచి సబ్జెక్టుకో టీచరు. సైన్సు సారుకు సిలబస్ పూర్తి కావాలి, సోషల్ మేడమ్‌కు యూనిట్ టెస్టు పెట్టాలి, తెలుగు పండితుడికి ప్రతిపదార్థాలు చెప్పాలి. వాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పాఠం చెప్పే పనికి తోడు యాప్‌ల్లో ఫొటోలు ఎక్కించే పనులూ వాళ్ల మీదే పడ్డాయి. కానీ ఫలితం ఏమిటంటే, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో గుణింతాలు, ఒత్తులు నేర్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. చదవలేని పిల్లవాడు వెనక బెంచీలో అల్లరి చేయకుండా కూర్చుని, బోర్డు మీద ఉన్నది ఎత్తి రాసుకుంటాడు. అల్లరి లేదు గనుక ఎవరి కంటా పడడు.

బడులకు ఖర్చు పెట్టలేదని అనలేం. 2019లో మొదలైన నాడు–నేడు పథకంతో గోడలు, బెంచీలు, మరుగుదొడ్లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబులు పంచారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. అవన్నీ కావలసినవే. ఇంగ్లిష్ మీడియం కూడా తల్లిదండ్రులు కోరుకున్నదే, నేను అడ్డు చెప్పను. అయితే రోజంతా ఇంట్లో, వీధిలో మాట్లాడే తెలుగునే కాగితం మీద పోల్చుకోలేని పిల్లవాడికి ఎదుటి పేజీ ఎలా అందుతుంది? రెండు పేజీలూ వాడికి మూసినట్టే ఉంటాయి.

తెలుగు రాతకు మన ప్రాంతం కొత్త కాదు, ఇది ఒకనాటి రేనాడు. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనం ఉంది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా దాన్ని సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ దానికి కూతవేటు దూరంలో ఉన్న పిల్లలు దాని గురించి రాసిన పాఠం చదవలేకపోతే ఆ గొప్ప ఎవరికి పనికొస్తుంది?

దారి లేకపోలేదు. పిల్లల్ని తరగతిని బట్టి గాకుండా, ఎంతవరకు చదవగలరో చూసి గుంపులు చేసి, రోజుకో గంట చదవడం మాత్రమే నేర్పే పద్ధతిని ప్రథమ్ తయారుచేసింది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దాన్ని మన దేశంలోనే పలుచోట్ల పరీక్షించి చూశారు. హర్యానాలో ప్రభుత్వ టీచర్లే ఈ పని చేసి ఫలితం చూపించారు. అక్కడ తేలిన ముఖ్యమైన సంగతి, టైంటేబుల్లో దానికి విడిగా గంట కేటాయించడం. తీరిక దొరికినప్పుడు చూద్దాం అనుకున్న చోట ఏమీ జరగలేదు. ఆ ప్రయోగాలు ప్రైమరీ పిల్లల మీద జరిగాయి. మనకు ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది దాకా అదే గంట కావాలి. ఆ గంటలో లెక్కల సారైనా, పీఈటీ అయినా ఒక గుంపును పట్టుకోవాలి. ఒత్తులు నేర్పడానికి తెలుగు పండితుడే కానక్కర్లేదు.

చదవడం వచ్చాక చదవడానికి పుస్తకాలూ ఉండాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేసే సెస్సు గ్రంథాలయాలకు చేరాలి. మన ఊళ్లో వసూలైనది ఎంత, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టింది ఎంత అని పంచాయతీలో ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. కడప మున్సిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు. ఆ తర్వాత కూడా ఇవి జరుగుతున్నాయి. తొండూరు అమ్మలకూ నాయనలకూ నా మనవి ఒకటే. ఈసారి పిలిచినప్పుడు కూలి పోయినా వెళ్లండి. మార్కుల సంగతి తర్వాత. ‘మావాడు తెలుగులో కథ చదవగలడా, పేరా వరకేనా, మాటల దగ్గరే ఆగిపోయాడా’ అని అడగండి. నలుగురిలో నిలబెట్టి చదివించమనవద్దు, పసిమనసు చిన్నబుచ్చుకుంటుంది. విడిగా కూర్చోబెట్టి చదివించి, ఎక్కడున్నాడో, మూడు నెలల్లో ఎక్కడికి తెస్తారో కాగితం మీద రాసిమ్మని హెడ్మాస్టరును అడగండి. సంతకం రాని తల్లికి కూడా ఆ కాగితం అడిగే హక్కు ఉంది.