యాప్ చెప్పేది కిలోమీటర్లే.. టైర్ సంగతి మీరే చూడాలి

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా క్యాంపస్‌లు మొదలయ్యాయి. కాజీపేట నుంచి అక్కడికి సైకిల్ మీద వెళ్లడం పెద్ద కష్టమేం కాదు. కాకపోతే వెళ్లాల్సింది 163వ జాతీయ రహదారి మీద, లారీల పక్కన. అక్కడ ముందు టైర్ పేలితే హ్యాండిల్ మన చేతిలో ఉండదు.

చాలామంది స్ట్రావాలో కిలోమీటర్లు చూసి టైర్ మారుస్తారు. నన్నడిగితే ఆ నంబర్ రిమైండర్‌గానే పనికొస్తుంది. మీ బరువెంత, గాలి సరిగ్గా కొట్టారా, కంకర మీద ఎంత తిరిగారు.. ఇవేవీ దాని లెక్కలో ఉండవు. ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ కనిపించినట్టు టైర్‌కు పర్సెంటేజీ కనిపించదు కదా!

మరి ఏం చూడాలి? కాంటినెంటల్ జీపీ 5000 లాంటి టైర్లకు రబ్బరు మీద రెండు చిన్న గుంటలుంటాయి. అవి కనిపించకపోతే టైర్ పని అయిపోయినట్టే. గుంటలు లేని టైరైతే గుండ్రంగా ఉండాల్సిన మధ్యభాగం బల్లపరుపుగా అయ్యిందేమో చూడండి. లోపలి దారాలు బయటపడినా, పక్కగోడ ఉబ్బినా ఇక ఆలోచించొద్దు, మార్చేయండి. టైర్ నున్నగా ఉందని మాత్రం కంగారు పడకండి, రోడ్ టైర్లు చాలావరకు కొత్తప్పుడూ నున్నగానే ఉంటాయి.

బరువు ఎక్కువగా వెనకే పడుతుంది కాబట్టి వెనక టైరే త్వరగా అరుగుతుంది. అయినా కొత్త టైర్ ముందు చక్రానికే వేయించండి. ముందున్నది బాగుంటే వెనక్కి మార్చుకోండి. స్మార్ట్‌వాచ్ కొనడం వచ్చే నెలకు వాయిదా వేసినా నష్టం లేదు.