రేవు మనది, ఓడ యెవరిది?

1933 డిసెంబరులో రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు విశాఖపట్టణపు రేవునకు ప్రారంభోత్సవము సల్పెను. రేవు మన గడ్డను త్రవ్వి కట్టినది. త్రవ్విన కూలి మనవాడు. మధ్యపరగణాల నుండి వచ్చి ఎగుమతియైన మాంగనీసు ఈ దేశపు మన్ను. కాని దానిని మోసికొనిపోయిన ఓడలు పరులవి, కిరాయి పరులది. ఈ లోటు తీర్పనెంచియే సింధియా కంపెనీవారు 1941లో బాబూ రాజేంద్రప్రసాదు గారిచే ఓడల కర్మాగారమునకు పునాది వేయించిరి. 1948లో గాని 'జలఉష' నీట దిగలేదు.

నేడు విశాఖకు మఱియొక రేవు వచ్చుచున్నది. ఇందు దిగునది సరకు కాదు, సమాచారము. గూగుల్ కంపెనీ ఐదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి యిచ్చట డేటా సెంటరు నెలకొల్పుదునని 2025 అక్టోబరు 14న ప్రకటించినది. సముద్రగర్భపు తంతులును ఈ తీరముననే దిగునట. భూమి, నీరు, విద్యుత్తు విషయములందు ప్రభుత్వమువారు రాయితీలు గుప్పించిరి. మేమును సంతసించితిమి. అయినను ఒక్క ప్రశ్న మిగిలినది: ఈ రేవున విశాఖ వర్తకుని నావకు తావు కలదా?

వర్తకుని నావ యనగా వాని సర్వరు. కస్టమ్సు ఏజెంటు పత్రములు, రొయ్యల ఎగుమతిదారు చిఠ్ఠాలు, ఆసుపత్రిలోని రోగుల వివరములు నేడు ఆ యంత్రమందే యున్నవి. ఆ యంత్రమో, పలుచోట్ల మెట్లక్రింది గదిలో, పాత బ్యాటరీ ప్రక్కన, ఫ్యాను గాలికి బ్రదుకుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టి నగరము దినములకొలది విద్యుత్తు లేక, ఫోను లేక పడియున్నప్పుడు అట్టి గదుల గతి యేమైనదో వేరుగ చెప్పవలెనా?

ఇందుకు మందు కలదు. దానిని కొలొకేషన్ అందురు. వర్తకుడు తన యంత్రమును తానే కొనును. డేటా సెంటరువారు ర్యాకులో తావు, రెండు మార్గముల విద్యుత్తు, జనరేటర్ల అండ, శీతలము, పలు కంపెనీల తంతులు, కావలి యిచ్చి బాడుగ గొందురు. యంత్రము వర్తకునిదే, అందలి లెక్క వర్తకునిదే. ఒక్కడు కొనలేనిచో నలుగురు కలిసి యొక్కటి కొనవచ్చును.

ఇంత శ్రమ యేల, పరదేశపు కంపెనీ యంత్రములనే నెలబాడుగకు వాడుకొనరాదా యని కొందఱు విజ్ఞులు సెలవిచ్చుచున్నారు. వారు నయారా కంపెనీ కథ వినలేదు కాబోలు! గుజరాతున వాడినార్‌లో చమురుశుద్ధి కర్మాగారము గల ఆ కంపెనీలో రష్యావారికి వాటా కలదు. ఐరోపా సమాఖ్య విధించిన ఆంక్షల పేర 2025 జులైలో మైక్రోసాఫ్టు సంస్థ దానికి తన సేవలను హఠాత్తుగా నిలిపివేసెను. భారత న్యాయస్థాన మేదియు అట్లు ఆజ్ఞాపింపలేదు. నయారా ఢిల్లీ హైకోర్టు గడప ద్రొక్కిన పిమ్మట సేవలు మరల వచ్చినవి. పూర్ణా మార్కెట్టు వర్తకుడు ఎవరి గడప ద్రొక్కును? మఱియు 2018 నాటి క్లౌడ్ చట్టము ప్రకారము, అమెరికా కంపెనీ చేతిలోని సమాచారము భూగోళమున నెచ్చట నున్నను ఆ దేశపు అధికారులు ఉత్తరువు తెచ్చి కోరవచ్చును. తర్లువాడలో నున్నంత మాత్రమున అది మనదగునా?

2025 అక్టోబరు 12న, హుద్‌హుద్ వచ్చిన పదునొకండేండ్లకు సరిగా అదే దినమున, సిఫీ కంపెనీవారి డేటా సెంటరునకు విశాఖలో మంత్రి లోకేశ్ గారు శంకుస్థాపన చేసిరి. యంత్రములకు బాడుగకు తావిచ్చుట ఆ కంపెనీ వృత్తియే. అయితే ఆ తావు బొంబాయి బ్యాంకులకే దక్కునా, బర్మా క్యాంపు దుకాణదారునకును దక్కునా?

ఇకమీదట రాయితీ పొందు ప్రతి డేటా సెంటరునకును ఒక షరతు విధింపవలెను. పదింట నొకపాలు తావును ఉత్తరాంధ్ర చిన్న వర్తకులకు, ఆసుపత్రులకు, సహకార సంఘములకు కేటాయింపవలెను. బాడుగ పట్టికను బహిరంగముగ ప్రకటింపవలెను. ర్యాకంతయు గొనలేనివానికి ఒక్క యంత్రమునకైనను చోటీయవలెను. తాళపుచెవి యజమాని చేతనుండవలెను. ప్రజాధనముతో నిచ్చిన విద్యుత్తు రాయితీ చిన్నవాని బిల్లులోను కనబడవలెను. విశాఖ శాసనసభ్యులు రానున్న సమావేశములలో ఈ ప్రశ్న వేయుదురా, లేక శంకుస్థాపనల ఛాయాచిత్రములతో తృప్తిపడుదురా?