చేరినదా, లేదా?

పట్టిసీమ రేవులో పడవనెక్కి గోదావరి నడుమనున్న వీరభద్రాలయమునకు పోయినవారు మనలో పలువురు గలరు. ఈ ఒడ్డున ఎక్కినవారెందరో, ఆ ఒడ్డున దిగినవారెందరో మంచి సరంగు లెక్క చూచుకొనును. ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి ఫైళ్లను చేర్చునపుడు మనము ఆపాటి జాగ్రత్త వహించుచున్నామా?

గత సంవత్సరము సంచిక వ్యాసములను పెన్‌డ్రైవు నుండి లైనక్స్ కంప్యూటరులోనికి 'సీపీ' ఆదేశముతో ఎక్కించితిని. తెరపై వచ్చిన రెండు హెచ్చరికలను చదువకయే పెన్‌డ్రైవును తుడిచివేసితిని. ఉర్దూ వ్యాసములన్నియు చేరినవి. పొడవైన శీర్షికలనే ఫైలు పేర్లుగా నుంచిన రెండు తెలుగు వ్యాసములు చేరలేదు. ఇద్దరు విద్యార్థినులు వానిని మరల వ్రాయవలసివచ్చినది. తప్పు నాదే.

కారణము భాషాభేదము కాదు, లెక్క. పెన్‌డ్రైవులోని ఫ్యాట్32 పద్ధతి ఫైలు పేరునకు 255 గుర్తుల వరకు చోటిచ్చును. లైనక్సులోని ఎక్స్‌టీ4 పద్ధతి గుర్తులను గాక బైట్లను లెక్కించి, 255 బైట్లకే అనుమతించును. యూటీఎఫ్-8 లిపి సంకేతములో ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు గుర్తునకు 3 బైట్లు పట్టును. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకే 18 బైట్లు! 85 గుర్తులు దాటిన తెలుగు పేరు అచట ఇమడదు.

ఎదురు ప్రయాణములోను చిక్కులు గలవు. 4 జీబీ పరిమాణముగల వార్షికోత్సవ చిత్రము ఫ్యాట్32లో పట్టదు. పేరులో ప్రశ్నార్థకమున్న ఫైలు ప్రవేశింపదు. ఎవరు చదువవచ్చును, ఎవరు దిద్దవచ్చును అను అనుమతులు నిలువవు.

మౌసుతో లాగివేయుట సులభముగానుండగా ఈ ఆదేశములేల అని కొందరందురు. ఆదేశము జరిగినదానిని అక్షరములలో చెప్పును; మనము చదువవలెను, అంతే. పిదప 'డిఫ్' ఆదేశమును 'హైఫన్ ఆర్' గుర్తుతో నడిపిన, రెండు ఫోల్డర్లను మొదలంట పోల్చును. భేదమున్న చెప్పును, లేకున్న మాటాడదు. ఇచట మౌనము అర్ధాంగీకారము కాదు, పూర్ణాంగీకారమే.

కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. కంప్యూటరు తరగతిలో ఈ పాఠమును మన రెండు భాషల ఫైళ్లతోనే చెప్పింపవలెను. ఆంగ్ల పేర్లతో మాత్రమే నేర్చినవారికి ఈ చిక్కు కనుపింపదు. విద్యార్థులారా! పేర్లు పొట్టిగానుంచుడు. 'డిఫ్' మౌనము వహించువరకు అసలు ప్రతిని చెరుపకుడు. యంత్రము పని ముగించినంత మాత్రమున మన పని ముగిసినట్లు కాదు.