చెంచాడు మందు అంటే ఎంత?

మొన్న పండక్కి మా ఆడపడుచు కూతురు ఏడాదిన్నర పిల్లాణ్ణి తీసుకుని మా ఇంటికి వచ్చింది. రెండో రోజు రాత్రి వాడికి ఒళ్ళు కాలిపోయింది. ఊరి నుంచి తెచ్చుకున్న జ్వరం మందు అయిపోతే మావారు వీధి చివరి షాపుకెళ్ళి అదే పేరు చెప్పి సీసా తెచ్చారు. "అత్తయ్యా, ఎప్పుడూ వేసేదే. ఒక చెంచా పట్టెయ్యండి" అంది అమ్మాయి, వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని.

కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, అది సిరప్ కాదు, చుక్కల మందు! పేరు అదే, లోపలున్నదీ అదే పారాసెటమాల్. తేడా అంతా చిక్కదనంలోనే. ఆమె వాడుతున్న సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఈ చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. చెంచా నిండా, అంటే 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు. అది మనం పెద్దవాళ్ళం వేసుకునే బిళ్ళ! పిల్లాడి బరువేమో పది కిలోలు. పిల్లలకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. అంటే వాడికి 100 నుంచి 150 చాలు.

చంటిపిల్లల కోసం చేసిన మందు పలచగా ఉండాలి గాని చిక్కగా ఎందుకూ అంటారా? చంటివాళ్ళు చెంచాడు మింగరు, ఉమ్మేస్తారు. అందుకని కొద్ది చుక్కల్లోనే డోసంతా పట్టేలా చేస్తారు.

కాస్త ఎక్కువైతే జ్వరం తొందరగా దిగుతుందిగా అనుకునేవాళ్ళు మనలో చాలామందే. కాని ఈ మందు రక్తంలో కలిసి పని మొదలెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. రెండింతలు పోసినా ఆ టైము తగ్గదు. పని అయ్యాక దాన్ని బయటికి పంపే బాధ్యత లివర్‌ది. పెళ్ళింట్లో అంట్లు తోమే మనిషిని తలుచుకోండి. గిన్నెలు కొన్ని కొన్నిగా వస్తుంటే తోమి బోర్లిస్తూనే ఉంటుంది. బంతి వెనక బంతి లేచి అన్నీ ఒక్కసారే వచ్చి పడితే? లివర్ కూడా అంతే. మందులో ఎక్కువ భాగాన్ని మూత్రంలో పోయేలా మార్చేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంలా మారుతుంది. దాన్ని విరిచెయ్యడానికి గ్లూటాథయోన్ అనే సరుకు లివర్ దగ్గర కొంత నిలవ ఉంటుంది. అది నిండుకుంటే ఆ విషం లివర్‌నే తినేస్తుంది.

ఒక్కసారి పొరపాటుకే అంత ముప్పు రాకపోవచ్చు. కాని రాత్రీ పగలూ అదే చెంచా నాలుగైదుసార్లు పడితే? పైగా జలుబుకని వేరే సిరప్ కూడా పోస్తాం. చాలా జలుబు మందుల్లో పారాసెటమాల్ ఉంటుందని అట్ట మీద సన్నటి అక్షరాలు చదివితేగాని తెలియదు. మోతాదు మించిన మొదటి రోజు వాంతులు కావచ్చు, ఏమీ కనిపించకపోనూవచ్చు. లివర్ దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకి బయటపడుతుంది. అందుకే ఎక్కువ పడిందని అనుమానం వస్తే, పిల్లాడు ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోకుండా సీసా చేత పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. దీనికి విరుగుడు మందుంది. 8 గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది.

ఇంతకీ ఆ రాత్రి డాక్టరుగారికి ఫోన్ చేసి, సీసా మీదున్నది చదివి వినిపించాం. ఆయన 1 మిల్లీలీటరు వెయ్యమన్నారు. మళ్ళీ వెయ్యాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలనీ, రోజుకి నాలుగుసార్లు మించొద్దనీ చెప్పారు. సీసాతో వచ్చిన డ్రాపరుతోనే కొలిచి వేశాం. వేసిన టైము క్యాలెండరు మీద రాయించాను. లేకపోతే నేనొకసారి, తెలియక మావారొకసారి పట్టేసేవాళ్ళమేమో.

మర్నాడు ఉండబట్టలేక మా వంటింటి చెంచాలన్నిట్లో నీళ్ళు పోసి మందు మూతతో కొలిచాను. ఒకటి 3 మిల్లీలీటర్లు పట్టింది, ఇంకొకటి 7. మీ ఇంట్లోవి కూడా ఓసారి కొలిచి చూడండి.