స్పిట్జా? పగ్గా?

వేసవి సెలవులు వచ్చినవంటే కుక్కపిల్ల కావాలని పిల్లలు మారాము చేయడం అనేక గృహాలలో పరిపాటి. సూరత్ నగరంలోని అపార్ట్‌మెంట్లలోను, హజీరా, కవాస్ వైపు క్వార్టర్లలోను నివసించే ఉద్యోగ కుటుంబాలకు పెద్ద జాతి కుక్కల పోషణ కష్టసాధ్యం. అందుచేత చర్చ తరచుగా రెండు చిన్న జాతుల వద్ద నిలుస్తుంది. ఒకటి తెల్లని బొచ్చుగల స్పిట్జ్, రెండవది ముడతల ముఖముగల పగ్. ఈ రెండింటి గుణదోషాలను ఈ మాసం పరిశీలిద్దాము.

మనము వాడుకగా పొమరేనియన్ అని పిలిచే కుక్కలలో అనేకం నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతికి చెందినవి. ఆంగ్లేయుల పాలనాకాలంలో జర్మన్ స్పిట్జ్ కుక్కల నుండి మన దేశంలోనే రూపొందిన జాతి ఇది. 1994లో విడుదలైన 'హమ్ ఆప్‌కే హై కౌన్' చిత్రంలోని టఫీ ఈ జాతిదే. పగ్ చైనా దేశపు ప్రాచీన జాతి. పదహారవ శతాబ్దంలో ఐరోపా చేరింది. మన దేశంలో మాత్రం 2003 నాటి హచ్ టెలిఫోన్ ప్రకటన వలన ఇంటింటా పరిచితమైనది. దీని బరువు సాధారణంగా 6 నుండి 8 కిలోలు.

స్వభావం విషయానికి వస్తే, స్పిట్జ్ మహా చురుకైనది, కాపలాకు తగినది. అయితే తలుపు చప్పుడైతే చాలు, మొరుగుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని పగలు నిద్రించే ఉద్యోగి ఉన్న ఇంట ఇది చిన్న విషయం కాదు. పగ్ సాధారణంగా నెమ్మదైనది, పిల్లలతో కలిసిపోతుంది, మొరగడం తక్కువ. గురక మాత్రం ఎక్కువ.

ఆ గురకలోనే అసలు చిక్కు ఉన్నది. కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుతూ, నాలుక, శ్వాసమార్గాల తడిని ఆవిరి చేసి శరీరాన్ని చల్లబరచుకుంటుంది. సముద్రం చేరువగా ఉన్న సూరత్‌లో గాలిలో తేమ అధికం గనుక ఆ తడి త్వరగా ఆవిరి కాదు. పగ్‌కు ముట్టె పొట్టి, శ్వాసమార్గం ఇరుకు. కనుక రొప్పినా ఫలితం స్వల్పమే. వడదెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. పగ్ జాతిని ఆరోగ్యరీత్యా సాధారణ కుక్కగా భావించలేమని 2022లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ప్రకటించారు. ఉబికిన కళ్లకు గాయాలు, ముడతలలో చర్మవ్యాధులు, స్థూలకాయం దీనికి అదనపు బెడదలు.

స్పిట్జ్‌కు దట్టమైన బొచ్చు ఉన్నప్పటికీ ముట్టె పొడవు గనుక శ్వాస సాఫీగా సాగుతుంది. వేసవి అని బొచ్చును పూర్తిగా గొరిగించరాదు. అది ఎండ నుండి చర్మాన్ని కాపాడుతుంది. తరచు దువ్వితే చాలును. ఏ జాతిదైనను ఉదయం ఎండ ముదరక ముందు, సాయంత్రం నేల చల్లారిన పిమ్మట మాత్రమే నడిపించాలి.

దక్షిణ గుజరాత్‌లో వర్షాకాలమున లెప్టోస్పైరోసిస్ బెడద ఉన్నది. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వ్యాపించే ఈ వ్యాధి కుక్కలకు, మనుషులకు కూడా సోకుతుంది. దీని టీకా గురించి పశువైద్యుని సంప్రదించాలి. రేబిస్ టీకాను మూడు నెలల వయస్సులో వేయించి, వైద్యుని సలహా మేరకు ఏటేటా కొనసాగించాలి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను విక్రయించరాదు. కొనువారు కూడా ఇది గమనించాలి.

మరొక ముఖ్య విషయం బదిలీ. కుక్క పన్నెండు, పదమూడు సంవత్సరాలు జీవించగలదు. అంతలో మనకు ఎన్ని ఊళ్లు మారునో! బదిలీ ఉత్తర్వు రాగానే కుక్కను క్వార్టర్ల గేటు వద్ద వదలిపోవడం క్రూరత్వం. ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రింద నేరం కూడాను. రైలులో మొదటి తరగతి ఏసీ కూపే మొత్తం రిజర్వు చేసుకుంటే వెంట తీసుకుపోవచ్చును. లేదా బ్రేక్ వ్యాన్‌లో పంపవచ్చును.

ఈ రెండింటిలో సూరత్ వాతావరణానికి స్పిట్జ్ మేలని మా అభిప్రాయం. పగ్‌పై మనసు పడినవారు పగలంతా చల్లని గది, కనిపెట్టి ఉండే మనిషి ఉన్నప్పుడే ఆలోచించాలి. జాతి పట్టింపు లేనివారికి మన వీధి కుక్కపిల్ల మరింత అనువైనది. పొట్టి బొచ్చు, పొడుగు ముట్టెగల ఆ జీవి ఈ ఎండలకు తరతరాలుగా అలవాటుపడినదే. ఏది తెచ్చినా, ప్రతి ఉదయం దానిని నడిపించేది ఎవరో, బదిలీ అయితే వెంట తీసుకుపోవడమెలాగో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందుగానే నిర్ణయించుకోవాలని మా మనవి.